సవరభాషయు సవరబడియు

ప్రతి సంవత్సరమును ఆగస్టు 29వ తేదీని మన పాఠశాలలలో తెలుగుభాషా దినోత్సవము జరుగుచున్నది. ఆనాడు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి పటమునకు పూలదండ వేయుదురు. వారు 1863వ సంవత్సరమున ఆ దినముననే జన్మించిరని ఉపన్యాసకులు చెప్పుదురు. వాడుకభాషకై వారు సల్పిన పోరాటమును గూర్చి బాలురు కంఠస్థము చేసిన వాక్యములను తడవుకొనకుండ వల్లింతురు. ఇదియంతయు యుక్తమే. కాని, తెలుగును గూర్చి వాదమునకు దిగుటకు బహువత్సరములకు పూర్వమే పంతులుగారు మఱియొక భాషకై పాటుపడనారంభించిరనియు, అది వారి భాష గాదనియు, మన భాషయు గాదనియు ఎఱిగినవారు కొలదిమంది. ఆ భాష సవర. ఆ పనిని గూర్చియే యిచ్చట కొంత చెప్పదలచితిని.

సవరలను సంస్కృత గ్రంథములు శబరులని వ్యవహరించినవి. శ్రీరామునకు ఫలములు సమర్పించిన శబరి పేరు ఎఱుగని తెలుగుబిడ్డ యుండడు. అంతకంటె ప్రాచీనమైన ఐతరేయ బ్రాహ్మణమునందు, విశ్వామిత్రుని శాపమునొందిన కుమారుల సంతతిగా ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు అని యొక వరుస చెప్పబడియున్నది. మన పేరును వారి పేరును ఒకే పంక్తిలో నున్నవి. పంక్తిలో ముందు కూర్చున్నవారమగుటచేత నేమో, వెనుకనున్నవారి విస్తరి వంక మనము చూడమైతిమి.

నేడు వీరు మన రాష్ట్రమున శ్రీకాకుళము జిల్లాయందును, 2022లో నేర్పడిన పార్వతీపురము మన్యము జిల్లాయందును, ఒడిశాలో గజపతి, రాయగడ జిల్లాలయందును విశేషముగ నివసించుచున్నారు. కొండవాలున పోడు కొట్టుటయే గాక, రాతికట్టలు పేర్చి మెట్లుమెట్లుగ మడులు కట్టి వరి పండించుట వీరి నేర్పు. 2011వ సంవత్సరపు జనాభాలెక్కలలో సవర తమ మాతృభాషయని చెప్పినవారు 4 లక్షలకు పైగా నుండిరి.

భాషావిషయమున వీరు మనకు చుట్టములు గారు. సవర ద్రావిడభాష గాదు, ఆర్యభాషయు గాదు. అది ముండాశాఖకు చెందినది. సంతాలీ, ముండారీ భాషలు దానికి దగ్గఱి జ్ఞాతులు. మేఘాలయములోని ఖాసీ, బర్మాలోని మోన్, కంబోడియాలోని ఖ్మేరు దూరపు బంధువులు. కనుక తెలుగు వచ్చినవాడు, తమిళమును గాని కన్నడమును గాని విని కొంత యూహించినట్లు, సవరను విని యేమియు నూహింపలేడు. సవరబిడ్డకు మన తెలుగును అంతియే అగమ్యము. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు, ముందు దీనితో పని గలదు.

సవరభాష యెట్టిదో చూపుటకు వారి లెక్కకంటె మంచి సాధనము లేదు. మనము పదుల లెక్క వారము. వారు పండ్రెండుల లెక్కను ఇరువదుల లెక్కను కలిపి వాడుదురు. 1 మొదలు 12 వఱకు వేఱువేఱు పేరులున్నవి. 12ను మిగల్ అందురు. 13ను చెప్పవలసివచ్చినపుడు ‘పండ్రెండు–ఒకటి’ యని అర్థమిచ్చునట్లు మిగల్‌బొయ్ అందురు. ఈ రీతిగా 19 అనగా ‘పండ్రెండు–ఏడు’. 20 రాగానే క్రొత్త మెట్టు. దానికి కూరి యని పేరు. 32 అనగా ‘ఒక కూరి–పండ్రెండు’. 33 అనగా ‘ఒక కూరి–పండ్రెండు–ఒకటి’. 39 అనగా ‘ఒక కూరి–పండ్రెండు–ఏడు’. 40 అనగా రెండు కూరులు. బాలకులారా, మీరొకసారి 75ను ఈ పద్ధతిని విడదీసి చూడుడు. మూడు కూరులు అరువది, పండ్రెండు కలుపగా డెబ్బదిరెండు, మఱి మూడు. నాకు కాగితము కావలసివచ్చినది. వారి తాతలు సంతలో నిలుచుండి నోటితో చేసిరి.

ఇపుడొక సవరబాలుని మన బడిలో కూర్చుండబెట్టుదము. ఉపాధ్యాయుడు పలకమీద 13 వ్రాసి, ఇది పదియును మూడును అని చెప్పును. బాలుని నాలుకమీద పండ్రెండును ఒకటియు నున్నవి. అతనికి పదియన నేమో తెలియును, మూడన నేమో తెలియును. కాని ఈ రెండిటిని ఏల కలుపవలెనో తోచదు. దానిని అడుగుటకు తెలుగు రాదు. ఊరకుండును. ఉపాధ్యాయుడు ‘మందబుద్ధి’ యని నిశ్చయించును. ఆ గదిలో ఒక లెక్కను మాత్రమే యెఱిగినవాడు ఉపాధ్యాయుడు. రెండవ లెక్కను నేర్చుకొనుచున్నవాడు బాలుడు. మందబుద్ధి యెవరిదో మీరే చెప్పుడు.

వ్యాకరణమునందును ఇట్టి వింతలు గలవు. ‘నేను తలకు నూనె రాచుకొందును’ అను వాక్యమును సవర ఒక్క పదమున చెప్పగలడు. రాచుట, నూనె, తల, తనకుతాను, నేను అనునవి యన్నియు పూసలవలె ఒక్క క్రియలో గ్రుచ్చబడును. అట్లు గ్రుచ్చునపుడు నామములు తమ నిండురూపమును విడిచి పొట్టిరూపమును ధరించును. మఱియు పలుకు నడుమ గొంతు ఠక్కున మూసికొని విడుచు ధ్వని యొకటి గలదు. దానికి మన యక్షరమాలలో గుర్తు లేదు. ‘కొండవాండ్రది యేమి భాష, అఱపులు గదా’ యని పల్లపువారు నవ్వుటకు కారణము, ఈ ధ్వనిని వినగల చెవి మనకు లేకుండుటయే.

ఆ చెవి కలిగినవారు రామమూర్తి పంతులుగారు. 1880లో వారు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి. చరిత్రయందు వారికి అభిరుచి మెండు. ముఖలింగము దేవాలయ శాసనములను స్వయముగ చదివి గాంగరాజుల చరిత్రమును శోధించిరి. అట్టి విద్వాంసుడు శాసనములతో తృప్తిపడి యుండవచ్చును. కాని పర్లాకిమిడికి కొండలు దగ్గఱ. సంతకు దిగివచ్చు సవరలు కంటబడుచుండిరి. వారి మాట యేమో తెలిసికొనవలెనని పంతులుగారికి కోరిక పుట్టినది. వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు, లిపి లేదు. తెలుగును సవరయు రెండును వచ్చిన యొక మనుష్యుని తమ యింటనే యుంచుకొని, ఆతనివలన భాషను నేర్చుకొనిరి. బ్రాహ్మణగృహమున, ఆ కాలమున, కొండవాని గురువుగా నిలుపుకొనుట యెట్టి సాహసమో పెద్దలకు నేను వివరింప నక్కఱలేదు.

పిమ్మట మన్యమున తిరుగసాగిరి. మన్యపుజ్వరము తగిలినది. దానికి మందుగా కొయినా విపరీతముగ సేవించుటచేత వారి వినికిడి చెడిపోయినది. చెవితో పట్టవలసిన భాషకొఱకు పోయినవానికి చెవులే పోయినవి. ఐనను పని మానలేదు. ఇంచుమించు 30 సంవత్సరములు కృషి చేసి వ్రాసిన సవరభాషా వ్యాకరణము 1931లో మద్రాసు ప్రభుత్వముచే ముద్రింపబడెను. సవర–ఇంగ్లీషు, ఇంగ్లీషు–సవర నిఘంటువులును వెలువడినవి. ముండాభాషలను శోధించువారు నేటికిని ఆ గ్రంథములను తెఱచుచునే యున్నారు.

నా దృష్టిలో గ్రంథములకంటె బడి గొప్పది. పంతులుగారు సవరలో వాచకములు వ్రాసిరి, పాటలు సమకూర్చిరి. తమ సొమ్ముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు తామే జీతములిచ్చి, సవరబిడ్డలకు సవరలోనే చదువు చెప్పించిరి. ప్రభుత్వమువారు ఈ కృషికి మెచ్చి ధనము నీయబోగా, అది తమకు వలదనియు, ఆ సొమ్ముతో సవరలకొక మంచి బడి పెట్టవలసినదనియు కోరిరి. 1913లో వారికి రావుబహదూరు బిరుదము వచ్చినది. బిరుదమునకు బడికైనంత వ్యయము లేదు గనుక కాబోలు, ప్రభుత్వము దానిని తడవు చేయక యిచ్చినది.

బడి యేల గొప్పదో చెప్పెదను. ఆంగ్లేయుల పాలనలో మన తండ్రులును తాతలును ఒక మొఱ పెట్టుకొనుచుండిరి. చదువు పరభాషలో నున్నది, కచేరి పరభాషలో నున్నది, మన బిడ్డలు స్వదేశమునందే పరదేశులగుచున్నారు అని. ఆ మొఱ సత్యము. కాని అదే కాలమున కొండదిగి వచ్చిన సవరకు కచేరిలో ఇంగ్లీషును, బజారులో తెలుగో ఒడియానో ఎదురగుచుండెను. అతడు వ్రేలిముద్ర వేసిన పత్రములో నేమి వ్రాసియున్నదో అతనికి తెలియదు, చదివి వినిపించినను తెలియదు. కొండజాతుల భూములు పరుల వశమగుచున్నవని చూచి, మద్రాసు ప్రభుత్వము 1917లో ఏజన్సీ భూముల బదలాయింపును నిర్బంధించు చట్టమును చేయవలసివచ్చినది. ఆ భూములను కొనినవారు లండనునుండి వచ్చినవారు గారు. మనము ఒక చేత దాస్యమును అనుభవించుచు, రెండవ చేత దొరతనము చేసితిమి. పంతులుగారి సవరబడి ఈ రెండవ చేతిని పట్టుకొనినది. చదువు నేర్పువాడే శిష్యుని భాష నేర్చుకొనవలెననుట చిన్నమాటగ తోచును. ఆచరించినచో పీఠము క్రిందుమీదగును.

సవరబిడ్డకు ఇంటిమాటలో చదువు చెప్పవలెనని నిశ్చయించిన మనుష్యుడు తెలుగుబిడ్డను గూర్చి అటులే తలంపకుండునా? 1906 ప్రాంతమున యేట్సు దొరగారు పాఠశాలల పరీక్షాధికారిగ వచ్చి, మీరు మాటలాడునదొకటియు వ్రాయునదొకటియు నేల యని యడిగినపుడు, పంతులుగారికి ఆ ప్రశ్న క్రొత్తగ తోచియుండదు. కొండమీది బడిలో దానికి సమాధానము దొరకియేయున్నది. ఇట్టి మహనీయుని గూర్చి నేనీ ‘యున్నది, గలదు’ భాషలో వ్రాయుట హాస్యాస్పదమే. ఈ సంచిక పూర్వాచారము నన్ను కట్టివేసినది. వారు చూచినచో ఎఱ్ఱసిరా సీసా ఖాళీ చేసియుందురు.

1936వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీని ఒరిస్సా రాష్ట్రమేర్పడెను. పర్లాకిమిడి దానిలో చేరినది. పంతులుగారు దానికి సమ్మతింపక, 50 ఏండ్లకు పైగా నివసించిన యూరు విడిచి రాజమహేంద్రవరమునకు వెడలిపోయిరి. 1940 జనవరి 22వ తేదీని పరమపదించిరి. సవరదేశము నడుమగ గీత గీయబడినది. గీతకు ఈవల తెలుగుబడి, ఆవల ఒడియాబడి.

విచిత్రమేమన, ఆ 1936లోనే, జూను మాసమున, సవరలలోనే మంగై గొమాంగో అను నాతడు సవరభాషకు స్వంతలిపిని ప్రకటించెను. దానికి సొరాంగ్ సోంపెంగ్ అని పేరు. 24 అక్షరములు. ఒక్కొక్క యక్షరమునకు ఒక్కొక్క దేవత గలదు. మరిచిగూడలో ఆ యక్షరములకు ఆలయము కలదు. అక్షరములను దేవతలుగ పూజించుట చదువుకొన్నవారికి వింతగ తోచవచ్చును. తరతరములుగా వ్రాతవలన మోసపోయినవారికి వ్రాత యొక శక్తియని తెలియకపోవునా? ఆ శక్తిని ఇతరులవద్ద అరువు తెచ్చుకొనక, తమ దేవతలవద్దనే యాతడు తెచ్చుకొనెను. 2012లో ఈ లిపికి గణకయంత్రముల యూనికోడు పట్టికయందు స్థానము లభించినది.

ఇక మిషనువారి మాట. మన పత్రికలో దీనిని వ్రాయుటకు కొంత సంకోచించితిని. కాని దాచుట ధర్మము గాదు. కెనడా బాప్టిస్టు మిషనువారు సవరలలో పనిచేసి, వారి భాషను రోమను లిపిలో వ్రాసి, సువార్తలను గీతములను ఆ భాషలోనే యందించిరి. తమ భాష అచ్చులో నుండదగినదని అనేక సవరకుటుంబములకు తెలిపినవి ఆ పుస్తకములే. బలులకగు వ్యయము తప్పినది, చదువు వచ్చినది. నేడు సవరలలో పలువురు క్రైస్తవులు. దీనికై మనము దేవుని స్తుతించుచున్నాము. ఐతే దీనితోపాటు ఒకటి మౌనము వహించినది. పూర్వము సవరగ్రామములలో ఎవరైన మరణించినచో, పూనకము వచ్చు స్త్రీ నోట ఆ మృతుడు పలుకునని నమ్మకము. బంధువులు చుట్టును కూర్చుండి ఆతనితో మాటలాడుదురు, వాదింతురు, నిష్ఠురములాడుదురు, ఏడ్తురు, ఒకప్పుడు నవ్వుదురు. ఇట్లు సంవత్సరముల తరబడి జరుగును. పియర్స్ విటెబ్‌స్కీ అను మానవశాస్త్రజ్ఞుడు 1975 మొదలు వారి నడుమ నివసించి ఈ సంభాషణలను విని గ్రంథములు వ్రాసెను. 2017లో వెలువడిన వారి గ్రంథము, ఆ పలుకులు నిలిచిపోయిన పిదప సవరలు పొందినదానిని, పోగొట్టుకొనినదానిని గూర్చినది. మృతులు పలుకుదురని నేను విశ్వసింపను. కాని ఆ సంభాషణలలో సవరభాష యొక్క మిక్కిలి లోతైన మాటలు, దుఃఖమును పలుకు నేర్పు ఉండెను. ఆ నేర్పును క్రొత్త గీతములలోనికి తెచ్చుకొను తెరువు సవరక్రైస్తవులే వెదకవలెను. మనము చేయదగినది, ఆ పాతమాటను పలుకు ముసలమ్మను చూచి నవ్వకుండుట.

గోడమీది బొమ్మల సంగతియు నిట్టిదే. సవరభాషలో బొమ్మ గీయుటకును అక్షరము వ్రాయుటకును ధాతువొక్కటే, ‘ఇద్’ అని. ఒడిశావైపు ఈ చిత్రములను ఇడిటాల్ అందురు, గోడవ్రాత యని అర్థము. ఇంటిలోపలి గోడను ఎఱ్ఱమట్టితో అలికి, బియ్యపుపిండిని నీట కలిపి, నమలి కుంచెవలె చేసిన పుల్లతో గీయుదురు. ముందు ఇల్లువలె నొక చట్రము. దానిలోపల సూర్యచంద్రులు, గుఱ్ఱములు, ఏనుగులు, చెట్టెక్కు కోతులు, చేతులు పట్టుకొని యాడు జనులు. రోగము తొలగుటకో, పైరు పండుటకో, మృతుని తృప్తికో దీనిని గీయింతురు. ఏమి గీయవలెనో చిత్రకారునకు స్వప్నమున తెలియునందురు. వెరియర్ ఎల్విన్ దొరగారు ఈ చిత్రములను విస్తరించి వర్ణించిరి. సవరల మతమును గూర్చిన వారి బృహద్గ్రంథము 1955లో వెలువడినది. వారు చూచిన గోడలమీద సైకిళ్లును విమానములును అధికారులును గూడ నుండిరట. దీనిని చదివినపుడు నాకు నవ్వు వచ్చినది. పిమ్మట ఆలోచింపగా, ‘లిపిలేనివారు’ అని మనము వ్రాసికొనినవారు మనలను తమ గోడమీద ఎప్పుడో వ్రాసియుంచిరని తెలిసినది.

నేడు ఆ బొమ్మలు గుడ్డమీదను కాగితముమీదను దిగి అమ్మకమునకు వచ్చినవి. చిత్రకారునకు కూలి గిట్టినచో సంతసమే. అయితే కొనువానికి అవి అలంకారములు. ఏ మృతునికొఱకు ఏ గుఱ్ఱము గీయబడినదో అంగడివాడు చెప్పలేడు. ఈ పాఠశాలలో చిత్రలేఖనము నేర్చు బాలురు ఆ రీతిని అనుకరించునపుడు, సవరవాని నొకని పిలిచి యడిగి గీయుదురు గాక.

స్వాతంత్ర్యము 1947లో వచ్చినది. సవరబడి రాలేదు. కొండమీద పాఠశాలలు వెలసినవి, వాచకములు తెలుగువి. మాతృభాషలో చదువు మరల ప్రభుత్వపు బడిలో అడుగుపెట్టినది 2004లో. ఆ యేట ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సవర, కోయ, గోండీ, కొలామీ, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా అను 8 భాషలలో ప్రాథమికవిద్యను ఆరంభించినది. పుస్తకములు తెలుగులిపిలో సిద్ధమైనవి. ఒడిశా 2007లో తన బడులలో ఇట్టి పనికే పూనుకొన్నది. పంతులుగారి వ్యాకరణము వెలువడిన 73 సంవత్సరములకు మన కది తోచినది. తోచినదే గాని, పుస్తకమును చదివి చెప్పు సవర ఉపాధ్యాయుడు ప్రతి బడిలో నుండవలెను గదా. పుస్తకము సవరలోను ఉపాధ్యాయుడు తెలుగులోను ఉన్నచోట, బాలుడు మరల ఊరకుండును. 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము, వీలున్నచోట కనీసము అయిదవ తరగతివఱకు మాతృభాషలో బోధింపవలెనని చెప్పినది. ‘వీలున్నచోట’ అను పదము కొండల నెక్కుటలో మిక్కిలి మందగతిగలది.

మఱియొక చిక్కు మిగిలియున్నది. దానిని తీర్చు నుపాయము నాకు తెలియదు. గీతకు ఈవలి సవరబాలుడు తన భాషను తెలుగులిపిలో చదువును. ఆవలి మేనత్తకొడుకు ఒడియాలిపిలో చదువును. క్రైస్తవుడైన పినతండ్రి రోమనులిపిలో గీతము చూచి పాడును. మరిచిగూడ భక్తుడైన మేనమామ సొరాంగ్ సోంపెంగులో మాత్రమే వ్రాయును. నలుగురిదియు ఒక్క భాషయే. కాని పెండ్లిపిలుపు వ్రాయవలసివచ్చినచో, ఒకరి వ్రాత ఒకరు చదువలేరు. అందుచేత వారు వ్రాయుట మాని, చేతిఫోను తీసి పిలిచి మాటలాడుదురు.

సీతంపేటవైపు పోవు మన విద్యార్థులెవరైన ఉన్నచో, వచ్చు సంచికకు సవరసంఖ్యలను 1 మొదలు 100 వఱకు, పలుకువారి నోట విని, వ్రాసి తేగలరా? గొంతు మూసికొను ధ్వనికి ఏ గుర్తు పెట్టవలెనో మాత్రము వారినే అడుగుడు.